నెలాఖరు సున్నాలు

పెద్ద వరద వచ్చిపోయిన మూడో ఏడు అది. ఆదివారం, ఎండ నడినెత్తిన ఉంది.

"అన్నయ్యా, మూడో పుస్తకం ఏదీ?" అని డాక్టరు ముందు గదిలోంచి మళ్ళీ కేక వేశాడు. అది నాలుగోసారి.

దూదన్న పలకలేదు. వంటింట్లో స్టూలు మీద కూర్చుని, కంచం ఒళ్ళో పెట్టుకుని తింటున్నాడు. మూడో పుస్తకం ఆయన చేతిసంచీలో ఉంది. సంచీ తలుపు వెనక కొక్కేనికి ఉంది. పొద్దున్నే అందులో దాచింది ఆయనే.

"వాడు అడుగుతున్నాడు," అంది భార్య, గరిటె ఆపి.

"వినపడింది."

"వినపడితే పలకొచ్చుగా. నోట్లో ఏముంది?"

"ముద్ద."

ఆవిడ గరిటె గిన్నెలో పడేసింది. ఈ ఇంట్లో నెల్లాళ్ళుగా చప్పుళ్ళన్నీ గిన్నెలవే. మనుషులు మాట్లాడుకోవడం తగ్గింది.

నెల్లాళ్ళుగా భోజనాల బల్ల దూదన్నది కాదు. దాని నిండా కాగితాలు. ఒక పక్క తమ్ముడు కూర్చుంటాడు. రెండో పక్క, దూదన్న ఇరవై ఏళ్ళు కూర్చున్న కుర్చీలో, లెక్కల మేడమ్ కూర్చుంటుంది. వైద్య కళాశాలలో లెక్కలు చూసే ఆవిడ. రోగులు ఎంతమంది, బాగుపడింది ఎంతమంది అన్నది తేల్చి పట్టికలు వేసి ఇస్తుంది. ఆ కుర్చీకి ఒక కోడు పొట్టి. దూదన్న దానికింద అట్టముక్క మడిచి పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆమె కూర్చుంటే అది కదలడం లేదు. అదొకటి ఆయనకి మంట.

"మీ కుర్చీలో కూర్చుందనేగా మీ బాధ?" అంది భార్య గొంతు తగ్గించి.

"కుర్చీ ఎవరిదైతే ఏం."

"మరి?"

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. సంచీలోంచి పుస్తకం తీసి, ముందు గదిలోకి వెళ్ళి, వాళ్ళిద్దరి మధ్య బల్ల మీద పడేశాడు. కాగితాలు రెండు ఎగిరి కింద పడ్డాయి.

"దొరికిందా! ఎక్కడుంది?" అన్నాడు తమ్ముడు.

"సంచీలో."

"సంచీలోకి ఎలా వెళ్ళింది?"

"నడిచి వెళ్ళింది."

లెక్కల మేడమ్ ఫక్కుమంది. డాక్టరు నవ్వలేదు. వంగి కాగితాలు ఏరుతున్నాడు. "వ్యాసం పంపడానికి రేపు పదకొండింటికి గడువన్నయ్యా. నీకు సరదాగా ఉంది గానీ, దాటితే మళ్ళీ ఈ వైద్య పత్రిక వరద గాయాల మీద సంచిక వెయ్యదు. మూడేళ్ళ పని."

ఆ పని మొదలైంది దూదన్న చేతుల్లోనే. ఆసుపత్రిలో ఆయన కట్లు కట్టే మనిషి. చేతిలో ఎప్పుడూ దూది ఉంటుందని అక్కడివాళ్ళు దూదన్న అనడం మొదలెట్టారు, అసలు పేరు హాజరు పట్టీలో మాత్రం మిగిలింది. తల్లీ తండ్రీ పోయినప్పుడు ఆయన మూడో తరగతి, తమ్ముడు ఒళ్ళో పిల్లాడు. ఆయన బడి మానేశాడు. పిల్లాడు పెరిగి అదే ఆసుపత్రికి డాక్టరై వచ్చాడు.

వరదప్పుడు బురదలో కాళ్ళు కోసుకున్నవాళ్ళు గుంపులుగా వచ్చారు. రోజూ కట్టు విప్పుతుంటే పుండు రేగుతోంది, రోజు మార్చి రోజు విప్పి చూద్దామని దూదన్న అన్నాడు. తమ్ముడు సరేనన్నాడు. ఆ నాలుగు నెలలూ ఆసుపత్రిలో కరెంటు లేదు, కంప్యూటర్లు మూలనపడ్డాయి. నూట ఇరవై ఆరు మందికి ఏ రోజు కట్టు మార్చారో దూదన్న పుస్తకాలు మూడింట్లోనే ఉంది. ఒక్కో మనిషికి ఒక్కో వరస. కట్టు మార్చినప్పుడల్లా ఒక గీత, కింద తేదీ. చివర ఒక సున్నా, పెద్దాసుపత్రికి పంపినవాళ్ళకైతే అడ్డగీత.

మేడమ్ పెన్సిలు మొనతో ఒక సున్నాని తాకింది. "పెద్దాయనా, సున్నా చుట్టారంటే పుండు పూర్తిగా నయమైనట్టే కదా?"

దూదన్న నోరు తెరిచాడు.

ఆయన నోరు తెరవడానికీ మాట బయటికి రావడానికీ మధ్య కాస్త ఆలస్యం ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి అలవాటు, ఆగుతారు. చిన్నప్పుడు తమ్ముడు ఆ నోటి వంకే చూస్తూ గడప మీద కూర్చునేవాడు.

ఇవాళ ఆగలేదు. "నయమైనట్టే మేడమ్. మా అన్నయ్య సున్నా చుట్టాడంటే ఆ కాలికి ఇంక పనిలేదు."

ఆమె డాక్టరు వంక చూసింది. డాక్టరు ఆమె వంక చూశాడు. ఆ చూపు ఒక క్షణం ఎక్కువసేపే నిలిచింది. అందులో ఏముందో దూదన్నకి తెలీదు. తనకి చోటు లేదన్నది మాత్రం తెలిసింది.

తెరిచిన నోరు మూసుకున్నాడు.

"ఏదో చెప్పబోయారు?" అంది ఆమె.

"ఏం లేదు."

"మొదటి రెండు పుస్తకాలతో పనైపోయిందన్నయ్యా, తీసుకెళ్ళు," అన్నాడు తమ్ముడు, తల లాప్‌టాప్‌లోంచి ఎత్తకుండానే.

* * *

ఆదివారం కట్ల గది మూసి ఉంటుంది. దూదన్న తాళం తీసి లోపలికెళ్ళి, కిటికీ పక్క బల్లమీద కూర్చున్నాడు. ఉడకబెట్టిన కత్తెర్లు గుడ్డ కింద వరసగా ఉన్నాయి. గదంతా మందునీళ్ళ వాసన. ఈ గదిలో ఆయనకి ఊపిరి బాగా ఆడుతుంది.

మొదటి పుస్తకం తెరిచి వేలు పెట్టుకుంటూ చదివాడు. పేర్లు ఆయనకి గుర్తుండవు. కాళ్ళు గుర్తుంటాయి. ఇది మడమ దగ్గర రేకు కోసుకున్న కాలు, నయమైంది. ఇది మేకు దిగిన అరికాలు, నయమైంది. ఇది...

వేలు ఆగింది. నెల ముప్పయ్యో తారీకు. సున్నా.

ఆ కాలికి నయమైందో లేదో ఆయనకి తెలీదు. ఆ మనిషి ఇరవయ్యో తారీకునుంచే రావడం మానేశాడు.

అప్పట్లో హెడ్ నర్సు నెలాఖరుకి ప్రతి పేజీ మూసెయ్యమనేది. తెరిచి ఉంచిన వరసలు చూస్తే ఆవిడకి చిరాకు. "వస్తాడో రాడో తెలీనివాడికి నా పుస్తకంలో చోటెందుకయ్యా?" అనేది. దూదన్న మరి మాట్లాడకుండా, రానివాళ్ళందరికీ నెలాఖరున సున్నా చుట్టేసేవాడు. ఆయన చేతి కింద సున్నా అంటే ఆ మనిషి మన గుమ్మం దాటి పోయాడని. నడిచి పోయాడా, మోసుకుపోయారా అన్నది సున్నా చెప్పదు. ఇది ఎప్పటికైనా ఒక పత్రికలో అచ్చవుతుందని అప్పుడు ఎవరనుకున్నారు?

రెండు పుస్తకాల్లో కలిపి పదమూడు తేలాయి. మూడోది చూడకుండానే ఆరు చెప్పగలడు. పందొమ్మిది.

పందొమ్మిదిలో ఒకడి సంగతి తెలుసు కూడా. పడవ నడిపేవాడు, ఎడమ పిక్క. పోయినేడు బస్సుల దగ్గర కనిపించాడు, చంక కింద కర్రతో. మోకాలి కింద పంచె ఖాళీగా ఊగుతోంది. దూదన్న ముఖం పక్కకి తిప్పుకుని అవతలి బస్సెక్కాడు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు వాడు బాగుపడినవాళ్ళ పట్టికలో ఉన్నాడు. ఆ పట్టిక చదివి, ఎక్కడెక్కడి డాక్టర్లో ఇంకెందరి కట్లో రోజు మార్చి రోజు విప్పుతారు.

చెప్పాలి. వెంటనే వెళ్ళి చెప్పాలి అనుకున్నాడు. లేచాడు కూడా.

లేచినవాడికి బల్ల దగ్గర ఆ ఇద్దరి చూపు గుర్తొచ్చింది. మళ్ళీ కూర్చున్నాడు.

చెబితే ఏమవుతుంది? ఆవిడ పెన్సిలు తీసి, "అయ్యో పెద్దాయనా, ఇలా చేశారేంటి," అంటుంది జాలిగా. తమ్ముడు ఆవిడ ముందు తలదించుకుంటాడు, మూడో తరగతి అన్నని చూసుకుని.

చెప్పకపోతే? వ్యాసం వెళ్తుంది. ఏదో ఒకనాటికి ఎవరో పట్టుకుంటారు. పట్టికలు వేసింది ఎవరు? ఆవిడ. తప్పు ఎవరి మెడకి చుట్టుకుంటుంది? ఆవిడ మెడకే. అప్పుడు తమ్ముడు ఇలా వచ్చి, ఈ బల్ల పక్కన నిలబడి, అన్నయ్యా, నిన్నే అడగాల్సింది అంటాడు.

ఆ ఊహ ఆయనకి ఎంత బాగుందంటే, శుభ్రంగా ఉన్న కత్తెర ఒకటి తీసి మళ్ళీ కడిగాడు.

* * *

పొద్దువాలుతుంటే ఇంటికొచ్చాడు. గేటు బయట తమ్ముడు మేడమ్‌ని ఆటో ఎక్కిస్తున్నాడు. ఆమె సంచీ వాడి భుజాన ఉంది. ముప్పై ఆరేళ్ళలో వాడు అన్న సంచీ మొయ్యలేదు. మొయ్యమని అన్న అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

"మంచి పిల్ల," అంది భార్య కిటికీలోంచి చూస్తూ. "వీడికి కుదిరితే బాగుణ్ణు."

"లెక్కలు తప్ప ఏమొచ్చు ఆమెకి?"

"నాకేమొచ్చని చేసుకున్నారు?"

దూదన్న వంగి చెప్పులు విప్పాడు.

డాక్టరు ఈల వేసుకుంటూ లోపలికొచ్చాడు. "అయిపోయిందన్నయ్యా! వదినా, అయిపోయింది! పట్టికలు, బొమ్మలు, సంపాదకుడికి ఉత్తరం, అన్నీ. పొద్దున ఒక్కసారి సరిచూసుకుని పంపెయ్యడమే. నూట ఇరవై ఆరులో నూట పధ్నాలుగు మందికి నయం. ఇలాంటి ఫలితం ఎక్కడా లేదు తెలుసా?"

నూట పధ్నాలుగులో పందొమ్మిది తీసేస్తే తొంభై అయిదు. దూదన్న మనసులో తీసేశాడు. పైకి, "మొదటి పేజీలో ఎవరి పేర్లున్నాయి?" అన్నాడు.

డాక్టరు ఈల ఆగింది. "నాది. తర్వాత మేడమ్‌ది. తర్వాత మా పెద్ద సర్జనుగారిది."

"ఊఁ."

"నీ గురించి కూడా ఉందన్నయ్యా చివర్లో. చదవనా? 'కట్ల గదిలో సహకరించిన సిబ్బందికి మా ధన్యవాదాలు.'"

"సిబ్బంది ఎంతమంది?"

"ఎక్కడ?"

"కట్ల గదిలో."

"నువ్వే కదా."

"ఒక్కడికి అంత పొడుగు మాటెందుకు? పేరు పొట్టిదే. పట్టదా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"అన్నయ్యా, పత్రికవాళ్ళకో నియమం ఉంది," అన్నాడు డాక్టరు కుర్చీ లాక్కుని. "పేరు వేసుకున్న ప్రతివాడూ వ్యాసం మొత్తం చదవాలి. ఇందులో ప్రతి మాటకీ నాదీ పూచీ అని సంతకం పెట్టాలి. అది ఇంగ్లీషు. నువ్వెలా చదువుతావు చెప్పు?"

దూదన్న తన కుర్చీ కింది అట్టముక్కని కాలితో సర్దాడు.

"చదవగలిగితే నీ పేరే మొదట పెట్టేవాణ్ణి."

"నేను ఎందుకు చదువుకోలేదో వాడికి చెప్పవే," అన్నాడు దూదన్న, భార్య వంక తిరిగి.

"చాలు, ఆపండి ఇద్దరూ," అంది ఆవిడ.

"నేను అలా అన్నానా వదినా? నేనేదంటే దాన్ని అటు తిప్పుతాడు. ఆవిడ నెల్లాళ్ళు కూర్చుందన్నయ్యా దీని ముందు!"

"నేను నాలుగు నెలలు నుంచున్నా."

డాక్టరు ముఖం ఎర్రబడింది. "ఆవిడంటే నీకెందుకింత కడుపుమంట? ఏం చేసింది నిన్ను? ఇంటికొచ్చిన మనిషి, నువ్వు ఎదురుపడితే లేచి నిలబడుతుంది. నువ్వు పుస్తకం దాస్తావు! నాకు తెలీదనుకున్నావా?"

"తెలిసి ఎందుకడిగావు?"

"నువ్వే ఇస్తావని."

ఆ మాట అనేసి డాక్టరు మేడెక్కి వెళ్ళిపోయాడు. పై గది తలుపు పడింది.

భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ బల్ల మీది మూడో పుస్తకం వంకే చూస్తూ ఉన్నారు.

"రేపు ఆ కాగితం పోకపోతే ఏమవుతుంది?" అన్నాడు దూదన్న.

"ఎందుకు పోదు?"

"పోకపోతే."

"వాడి మూడేళ్ళు పోతాయి." ఆవిడ మొగుడి ముఖంలోకి చూసింది. "ఏం చేశారు మీరు?"

"ఇప్పుడు కాదు," అన్నాడు ఆయన. "అప్పుడెప్పుడో."

ఆయన లేచి వెళ్ళి పడుకున్నాడు. ప్రతి మాటకీ పూచీ. ఆ ముక్క మాత్రం చెవిలో ఉండిపోయింది. ఇంగ్లీషు మాటల సంగతి తనకి తెలీదు. సున్నాలకి పూచీ ఎవరు మరి?

* * *

మర్నాడు పొద్దున్నే దూదన్న మూడు పుస్తకాలూ సంచీలో పెట్టుకున్నాడు. మేడ మెట్ల దాకా వెళ్ళాడు. పైన తమ్ముడు గొంతు సవరించుకోవడం వినపడింది. మెట్టు మీద పెట్టిన కాలు తీసేశాడు.

తమ్ముడి ముఖం చూస్తూ ఆ మాట చెప్పలేడు. కళాశాల దారి పట్టాడు.

లెక్కల మేడమ్ గది రెండో అంతస్తులో చివరిది. ఆమె అప్పుడే వచ్చి కిటికీ రెక్కలు తెరుస్తోంది. ఆయన్ని చూసి కంగారుగా కుర్చీ జరిపింది.

"రండి పెద్దాయనా, కూర్చోండి. డాక్టరుగారు బావున్నారా?"

ఆయన కూర్చోలేదు. సంచీలోంచి పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాడు. నోరు తెరిచాడు.

ఆమె ఆగింది. తమ్ముడిలా మధ్యలో అందుకోలేదు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది, ఆమె ఆగే ఉంది.

"నెలాఖరు సున్నాలు," అన్నాడు చివరికి. "అవి నయమైనవి కావు. వాళ్ళు రావడం మానేశారు. పందొమ్మిది మంది. ఒకడికి కాలు తీసేశారు. నేను చూశాను."

తిడుతుందనుకున్నాడు, లేదా జాలి పడుతుందనుకున్నాడు. ఆమె మెల్లిగా కుర్చీలో కూలబడింది.

"నేననుకున్నాను," అంది. "అదేంటి, నెలాఖరు రోజునే ఇంతమందికి ఎలా నయమైందని. ఇరవై రోజుల కిందే డాక్టరుగారిని అడిగాను. ఒకసారి ఆ మనుషుల ఇళ్ళకి వెళ్ళి చూసొద్దామన్నాను."

"ఏమన్నాడు?"

"చాలా నొచ్చుకున్నారు. మా అన్నయ్య గీతకి సాక్ష్యాలు వెతకమంటారా అన్నారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న నేను మిమ్మల్నే సూటిగా అడిగితే, చూశారుగా, ఆయన నా వంక ఎలా చూశారో."

దూదన్న కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

ఆ చూపు అదా. నెల్లాళ్ళుగా ఏది తనకి దక్కడం లేదని కుమిలిపోయాడో, తమ్ముడి ఆ నమ్మకం మొత్తం తన మీదే ఉందా. ఉన్నదాన్ని ఇప్పుడు తన చేత్తోనే తీసెయ్యాలి.

బల్ల మీద ఫోను మోగింది. ఆమె పేరు చూసి, ఆయన వంక చూసింది. "డాక్టరుగారు. నేను చెప్పనా, మీరు చెబుతారా?"

దూదన్న చెయ్యి చాచాడు.

"మేడమ్, అన్నీ ఎక్కించేశాను," అంటోంది తమ్ముడి గొంతు హుషారుగా. "ఇంక నొక్కడమే. నొక్కెయ్యనా?"

"నొక్కకు."

"అన్నయ్యా? నువ్వు అక్కడెందుకున్నావు?"

దూదన్న చెప్పాడు. పందొమ్మిది అన్నాడు, పడవవాడన్నాడు. ఇన్ని మాటలు వరసగా ఆయన ఎప్పుడు మాట్లాడాడో ఆయనకే గుర్తులేదు.

"ఆవిడ చెప్పించిందా నీ చేత?" అన్నాడు డాక్టరు. గొంతు మారిపోయింది. "మొదట్నుంచీ ఆవిడకి నీ పుస్తకాల మీద నమ్మకం లేదు. ఆవిడేనా?"

అవును అనడానికి ఎంతసేపు? ఒక్క మాట. రేపటినుంచి ఆ కుర్చీ ఖాళీ. ఆ మాట దూదన్న నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఆమె పుస్తకం తెరిచి, నెలాఖరు తేదీల పక్కన ఒక్కొక్కటే పెన్సిలు చుక్క పెడుతోంది. తల ఎత్తలేదు.

"కాదు," అన్నాడు దూదన్న. "సున్నాలు నావి. చెప్పిందీ నేనే."

అటు పక్క కుర్చీ జరిగిన చప్పుడు.

"ఫోను ఆవిడకివ్వు," అన్నాడు తమ్ముడు.

ఆమె చెయ్యి చాచింది. దూదన్న ఇవ్వలేదు. ఫోను రెండు చేతులా పట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

"నాతో మాట్లాడు," అన్నాడు.